రెండు రాజ్యముల నడుమ: కాశీయాత్రచరిత్రయు, కైఫీయతులును

ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్రచరిత్రను నేను మా పాఠశాలలో పై తరగతి పిల్లలకు కొంతకాలముగా చదివి వినిపించుచున్నాను. అది పాఠ్యగ్రంథము కాదు. శనివారము కడపటి గంటలో పిల్లలు ఇంటిదారి చూచుచుండు వేళ, వినదగినది ఏదేని చదువవలెనను నాసతో దానిని చేపట్టితిని. నిరుడు ఒకనాడు ఆయన పరివారముతో కృష్ణ దాటి నైజాము రాజ్యమున అడుగుపెట్టిన ఘట్టము నడచుచుండెను. నేను అలవాటు చొప్పున బల్లపై రెండు గళ్ళు గీసి, ఇవతల కుంఫిణీవారి శాంతి యనియు, అవతల సంస్థానాధిపతుల కలహమనియు వ్రాయుచుంటిని. అలంపురము వైపునుండి వచ్చి కర్నూలులో చదువుకొనుచున్న పిల్లవాడొకడు వెనుకబల్లనుండి లేచి, "వాళ్ళను పుట్టిలో దాటించినాయప్ప ఏ రాజ్యమాయప్ప సార్?" అని యడిగెను. తరగతి నవ్వెను. నాకు నవ్వు రాలేదు.

ఆ ప్రశ్నకు గ్రంథమున జవాబు లేదు. లేకపోవుట వీరాస్వామయ్యగారి తప్పు కాదు. ఇన్నేండ్లుగా ఆ గ్రంథమును చదువుచుండియు ఆ ప్రశ్న నాకు తోచకపోవుట మాత్రము నా తప్పు. ఈ వ్యాసము ఆ తప్పు దిద్దుకొను ప్రయత్నము.

గ్రంథమును చూడని చదువరుల కొఱకు రెండు మాటలు. వీరాస్వామయ్యగారు చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసి ఉద్యోగి. 1830 మే 18వ తేదీన బయలుదేరి, కాశి మొదలగు క్షేత్రములు సేవించి, 1831 సెప్టెంబరు 3వ తేదీన మరల ఇల్లు చేరిరి. మజిలీ మజిలీకి తాము చూచినదానిని మిత్రులగు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళగారికి వ్రాసి పంపుచు వచ్చిరి. పిళ్ళగారు 1838లో దానిని అచ్చువేయించునప్పటికి గ్రంథకర్త గతించి రెండేండ్లయ్యెను. 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు వివరములతో మరల ప్రకటించినందున అది మనబోంట్ల చేతికి సులభముగా అందినది.

ఈ యాత్రలో మన సీమకు సంబంధించిన భాగము కొద్ది పుటలు మాత్రమే. తిరుపతి మీదుగా కడప చేరి, అహోబిలము, మహానంది చూచుకొని, ఆత్మకూరు దారిని శ్రీశైలమెక్కి దిగి, నివృత్తిసంగమ ప్రాంతమున కృష్ణ దాటి, పాలమూరు సీమ మీదుగా హైదరాబాదు చేరిరి. ఈ కొద్ది మజిలీలలో ఆయన మూడు ప్రభుత్వముల నేలపై నడిచిరి. కడప కుంఫిణీవారిది. ఆత్మకూరును శ్రీశైలమును కందనవోలు నవాబువి. ఆ నవాబు కుంఫిణీవారికి ఏటేట లక్ష రూపాయల పేష్కషు కట్టుచు తన యింట తాను దొరగా నుండెను. కృష్ణకు ఆవల నైజాము. దారిలో నీరు దొరకునా, దినుసులు దొరకునా, గుడారము వేయుటకు చోటున్నదా, సుంకము వాడెవడు అని ఆయన అడుగడుగున కనిపెట్టి వ్రాసినదానిలో మూడు రాజ్యముల స్వభావమును చక్కగా తెలియును. రాజుల వంశావళులు చదివి తెలిసికొనలేనిది ఒక సుంకపు చావడి ముందు అరగంట నిలిచిన తెలియును గదా.

ఆయన భాషను గూర్చియు ఒక మాట చెప్పవలెను. అది వ్యాకరణమునకు జడియని భాష. తెలుగు క్రియలకు పారసీక పదములను, ఆ పదములకు ఇంగ్లీషు ఉద్యోగముల పేళ్ళను తగిలించి, నడచువాడు మాటాడినట్లు వ్రాసెను. కసుబా, జాగీరు, ఠాణా, సుంకము అన్నియు ఒకే వాక్యములో ఇమిడిపోవును. దుబాసియై రెండు భాషల నడుమ కూర్చుండి జీతము తీసికొన్నవానికి ఇది సహజమే. సరిహద్దును వర్ణించుటకు సరిహద్దు భాషయే తగును. గ్రాంథికము వీడలేని నాబోటివాడు ఆయనను చూచి అసూయపడుట తప్ప చేయగలిగినది లేదు.

కుంఫిణీవారి కోర్టులో ఉద్యోగము చేయువాడు కుంఫిణీవారిని మెచ్చుకొనెనని కొందరు విమర్శకులు ముక్కు విఱుతురు. ఇది చౌక విమర్శ. దొంగల భయము లేక నడచిపోయిన బాటను బాటసారి మెచ్చుకొనుట నేరమా? శ్రీశైలయాత్రికుల యొద్ద నవాబు రాబట్టు సొమ్మును గూర్చి ఆయనకు కలిగిన కోపమును, కృష్ణ దాటిన తరువాత సంస్థానాధిపతుల కలహములలో నలుగు రైతులను చూచి ఆయన పడిన జాలియు బూటకములు కావు. నా అభ్యంతరము వేఱు. ఆయనది బాటసారి చూపు. బాటసారి ఎల్లను ఒక్కసారి దాటును. దాటునప్పుడు ఇవతలిదానిని అవతలిదానితో పోల్చును. పోల్చినవానికి రెండు గళ్ళు కనబడును, నేను బల్లపై గీసినట్లు. ఏటి యొడ్డున పుట్టి కట్టుకొని బ్రదుకువాడు దినమునకు పదిసార్లు దాటును. వానికి రెండు గళ్ళు లేవు, ఒక యేరు కలదు. ఆ యేటికి రెండు ప్రక్కల ఇద్దరు అధికారులుండుట వానికి కొంత బాధ, కొంత బత్తెము.

మా ఊరి పేరే దాటుటనుండి పుట్టినదని ఇక్కడివారు చెప్పుదురు. అలంపురము గుళ్ళకు రాళ్ళు మోసికొనిపోవు బండ్లు తుంగభద్ర దాటుటకు ముందు ఇచ్చట ఆగి ఇరుసులకు కందెన వేసికొనెడివట. అందువలన కందనవోలు అయ్యెనట. భాషాశాస్త్రము దీనికి ఒప్పినను ఒప్పకున్నను, తమ ఊరు ఒక రాజు కట్టించిన కోటవలన గాక బండివాండ్ర ఆగుదలవలన ఏర్పడెనని నమ్ము జనుల బుద్ధి నాకు నచ్చినది. వీరాస్వామయ్యగారు చూచిన సంగమేశ్వరప్రాంతము నేడు శ్రీశైల జలాశయము క్రింద నున్నది. వేసవిలో నీరు తగ్గినప్పుడు గుడి బయటపడును, వానలు రాగానే మునుగును.

ఇక కైఫీయతుల మాట. కల్నల్ మెకంజీ పంతొమ్మిదవ శతాబ్దారంభమున మన సీమలో గ్రామ గ్రామమున కరణముల చేత వ్రాయించి తెప్పించిన వృత్తాంతములకు ఆ పేరు. కావలి సోదరులు ఈ పనిలో అతనికి కుడిభుజములు. తరువాత కడపలో చాలకాలమున్న బ్రౌనుదొర వీనికి ప్రతులు వ్రాయించెను. కడపజిల్లావి ఇటీవల బ్రౌను పేర నెలకొల్పిన కడపలోని పరిశోధన కేంద్రమువారి పూనికతో సంపుటములుగా అచ్చుపడినవి. చరిత్రకారులు వీనిని తేదీల కొఱకు త్రవ్వుదురు. తేదీలు తప్పులని తెలిసి పాఱవేయుదురు. సాహిత్యముగా చదివినవారు అరుదు. నేను చెప్పునది సాహసముగా తోచవచ్చును గాని, వానిని తెలుగు వచనముగా చదువుట మనకు ఎంతయు అవసరము.

వాని వాక్యమును గమనింపుడు. అడవి కొట్టి ఊరు కట్టించిన కథ, గుడి కట్టించిన కథ, రాయల ప్రభుత్వము, గోలకొండ ప్రభుత్వము, నవాబుల ప్రభుత్వము, మధ్యమధ్య పాలెగాండ్రు, పిమ్మట హైదరు, టిప్పు, నైజాము, కుంఫిణీ. ప్రభువులు మారు చోట కరణము కలము పరుగెత్తును. ఒకరి ప్రభుత్వము పోయెను, ఒకరిది వచ్చెను, అంతే. మెప్పు లేదు, ఏడ్పు లేదు. ఇనాము దగ్గఱకు వచ్చునప్పటికి అదే కలము నిలిచి నిదానించును. ఏ చేను, ఎన్ని కుంటలు, ఏ దిక్కున ఏ గట్టు, ఎవరిచ్చిరి, ఎవరు నడపిరి, నడుమ ఎవరు లాగుకొనిరి, మరల ఎవరు విడిచిరి, ఒక్కటియు మఱవడు. దీనిని చూచి కరణము రసము లేనివాడని కొందరనిరి. నాకట్లు తోచదు. ఆ పొడిమాటలు ప్రమాదమెఱిగినవాని పొడిమాటలు. అడుగువాడు కుంఫిణీవారి సర్వేయరు. నిన్నటి ప్రభువును పొగడిన నేటివానికి కోపము, తిట్టిన రేపు మరల వచ్చిన గతియేమి?

ఇది ఊహ కాదు, ఆ కాలపు అనుభవము. కడపసీమనే చూడుడు. 1780 ప్రాంతము వఱకు మయానా నవాబులది. అప్పుడు హైదరు పట్టుకొనెను. 1792లో శ్రీరంగపట్టణపు సంధితో టిప్పు దానిని నైజామునకు విడిచెను. 1800 అక్టోబరు 12వ తేదీ ఒడంబడికతో నైజాము, తన రక్షణకై ఉంచిన సైన్యపు ఖర్చుక్రింద, దానిని కుంఫిణీకి ధారపోసెను. ఇరువది యేండ్లలో నలుగురు ప్రభువులు. 1780లో పుట్టిన కరణపు పిల్లవాడు ఓనమాలు ఒక రాజ్యములో దిద్ది, పెండ్లి మఱియొక రాజ్యములో చేసికొని, జమాబందీ లెక్క మూడవ రాజ్యములో వ్రాసి యుండును, ఊరు దాటి పోకయే. ఈ సీమకు దత్తమండలములని పేరు వచ్చినది అప్పుడే. ఈ దత్తతలో పిల్లను అడిగినవారు లేరు. ఆ పేరు అవమానమని తలచి 1928 నవంబరులో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావుగారు రాయలసీమ యని మార్చిరి. మంచిపనియే. ఐనను కొత్తపేరులో రాయలున్నారు గాని రైతు లేడని నాకొక చిన్న అసంతృప్తి.

అట్టి కరణము తన పెట్టెలో రాయల శాసనపు నకలును, నవాబు సనదును, టిప్పు అమలుదారు చీటియు, నైజాము పరవానాయు ఒకే గుడ్డలో కట్టి ఉంచుకొనెను. 1858లో మద్రాసు ప్రభుత్వమువారు ఇనాము కమీషను ఏర్పఱచి హక్కుపత్రములు చూపుమనగా ఆ మూటలే బయటికి వచ్చినవి. మనము పతనములనియు విజయములనియు చదువు చరిత్ర అతనికి దస్తావేజుల వరుస. పోయిన రాజ్యమును గూడ పనికి పెట్టుకొనిన యుక్తి ఇది. ఆ మూటలలో కల్లపత్రములు ఉండవా యన్న, ఉండును. కైఫీయతులో కరణము చెప్పినదంతయు సత్యమని నేననను. తన చేనికి అనుకూలముగా చెప్పుకొనెననుటయే నా వాదము. తక్కువ కులములవారి చేనులను గూర్చి ఆ కలము అంత నిదానింపలేదని కూడ చెప్పవలసియున్నది. మాలమాదిగల నోట వ్రాయించిన కైఫీయతు లేదు. ఉండినచో పుట్టివాని ప్రశ్నకు కొంత జవాబు దొరకెడిది.

రైతు చేతిలో సనదు లేదు. కాళ్ళున్నవి. వలస అను మాటను మనము ఇప్పుడు కఱవుతో మాత్రమే కలిపి వాడుచున్నాము. ఆ కాలమున వలస బేరములో భాగము. శిస్తు మితిమీఱిన ఊరు ఊరంతయు ఎడ్లను తోలుకొని ఎల్ల దాటెడిది. ఆవలి అధికారికి బీడునేల యున్నది గాని దున్నువాడు లేడు. కావున అతడు కౌలు ఇచ్చి పిలిచెడివాడు. మొదటి యేడు ఇంత, రెండవయేడు ఇంత, పూర్తి శిస్తు ఎన్నియో యేండ్లకు గాని అడుగను అని వ్రాతపూర్వకమైన అభయము కౌలు. ఇవతలి అధికారి లెక్కలో సేద్యము తగ్గగానే అతడును కౌలు పంపి మరలి రమ్మని బతిమాలెడివాడు. నీతిశాస్త్రము చెప్పువారు దీనిని పరారి యందురు. నేల విస్తారమై జనము కొఱతగా నున్న కాలమున ఇది రైతునకున్న ఒకే యోటు.

1800 నుండి 1807 వఱకు దత్తమండలముల ప్రధాన కలెక్టరుగా నుండిన మన్రోదొరకు ఈ సంగతి బాగుగ తెలియును. దాదాపు 80 మంది పాలెగాండ్రను అణచి, చేను చేనును కొలిపించి, రైతు పేరనే పట్టా వ్రాయించు పద్ధతి నడపిన ఆయనయే, వెడలిపోవునప్పుడు 1807లో శిస్తులో నాలుగవ వంతు తగ్గింపవలెనని పైవారికి వ్రాసెను. రైతు నిలువవలెనన్న నేలపై అతనికి కొంత లాభము మిగులవలెనని ఆయన వాదము. ఈ వాదమునకు కారణము ఆయన దయార్ద్రహృదయమని జీవితచరిత్రకారులు వ్రాసిరి. దయ ఉండవచ్చును. మైసూరు ఎల్ల, నవాబు ఎల్ల, నైజాము ఎల్ల ఒకదినపు నడకలో నుండుట ఆ దయకు పదును పెట్టెనని నా యభిప్రాయము.

పొలిమేర యను మాట మనది. దానికొక అమ్మవారు కలదు, జాతర కలదు, పొలిచల్లుట కలదు. సరిహద్దు అన్నది దర్బారుతో వచ్చిన మాట. సంస్కృతములో సీమాంతమనిన ఎల్ల, సీమంతమనిన పాపట. రెండును ఒకే పదముల కూర్పే అయినను, తల వెండ్రుకలను గూర్చి చెప్పునప్పుడు మాత్రము సంధి వేఱుగా జరుగునని వైయాకరణులు విధించిరి. కౌటిల్యుని అర్థశాస్త్రములో ఎల్లను కాచువాడు అంతపాలుడు. బాటసుంకము పుచ్చుకొనుట, పోయిన సరకుకు బాధ్యత వహించుట వాని పని. అడవివారిని నమ్మరాదనియు, వారిని వాడుకొనవలెననియు ఆ శాస్త్రము రెండును చెప్పును. ఎల్లయందుండువారు రాజును వాడుకొందురేమో యను శంక శాస్త్రకర్తకు కలుగలేదు.

వాడుకొనిరి. బ్రింజారీలనబడు లంబాడీలు తీరమునుండి ఎద్దులపై ఉప్పు తెచ్చి, మీదిసీమ ధాన్యము తీసికొనిపోవుచు, యుద్ధకాలమున ఏ సైన్యమునకు కావలసిన దానికి ధాన్యమమ్మిరి. టిప్పుపై నడచిన కారన్‌వాలిసు దండును వారి యెడ్లు లేక కదలలేదు. సరాఫులు నాణెముల తేడామీద బ్రదికిరి. తరువాతి కాలమున నైజాము హాలీసిక్కా సుమారు 116 ఇచ్చిన ఇవతలి కల్దారు రూపాయలు 100 వచ్చెడివి. ఎద్దును అవతల కొని ఇవతల అమ్మువాడు ఎద్దుమీద ఒక లాభమును, రూపాయిమీద ఒక లాభమును లెక్క వేసికొనవలసినదే. మా చిన్నతనమున సంతలో ముసలివారు మంచి మనిషిని కల్దారు మనిషి యనెడివారు. ఆ మాట ఎక్కడిదో అప్పుడు తెలియదు.

పాలెగానికి ఎల్ల రెండువైపుల పదునుగల కత్తి. ఒకరికి కప్పము కట్టి, మఱియొకరికి కట్టుదునని చెప్పి, ఇద్దరికిని కట్టక కొండ యెక్కుట అతని రాజనీతి. ఇచ్చట ఉయ్యాలవాడ నరసింహారెడ్డి మాట రాక తప్పదు. అతనిని గూర్చి రేనాటి పాటలు మనకున్నవి, 2019లో గొప్ప ఖర్చుతో చలనచిత్రమును వచ్చినది. పాటలను నేను తక్కువ చేయను. పాటకు వీరుడు కావలెను, వీరుని పాట ఇచ్చెను. కాని పాటను చరిత్రగా చదువు విమర్శకులు, అతడు 1846లోనే ఏల తిరుగబడెనని అడుగరు. పించను తగవు కలదు. గ్రామపు కావలి కట్టుబడివారి ఇనాములు లాగుకొనుటవలన వారతని వెంట నడచిరని కలదు. నేనొకటి చేర్చుదును. కోయిలకుంట్ల అప్పుడు కడప కలెక్టరు క్రిందిది. 1839 వఱకు దాని ప్రక్కనే నవాబు రాజ్యమారంభమయ్యెడిది. ఆ యేట గులాం రసూల్‌ఖాను ఆయుధములు కూడబెట్టెనని కుంఫిణీవారు అతనిని దింపి తిరుచిరాపల్లికి పంపి, కందనవోలును కలుపుకొనిరి. నాటినుండి కడపమొదలు కృష్ణదాక ఒకటే నేల, ఒకటే చట్టము. కట్టుబడివానికి చేరువలో అవతలి యొడ్డు లేదు. ఏడేండ్లకు తిరుగుబాటు వచ్చెను. కొండలే మిగిలినవి. ఆ కొండలలోనే పేరుసోమల దగ్గఱ 1846 అక్టోబరులో రెడ్డి పట్టుబడి, 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీయబడెను. దేశభక్తుడా కాడా యను తర్కముకంటె, పారిపోవుటకు చోటు పోయినవారు తిరుగబడుదురను సంగతి ఈ కథను నాకు ఎక్కువగ తెలియజేసినది.

పాశ్చాత్య పండితులు కొందరు ఈ విషయమునే దూరదేశములలో చూచి వ్రాసిరి. 1659 సంధితో పిరనీసు కొండలలోని సెర్దాన్యా లోయను ఫ్రాన్సు, స్పెయిను పంచుకొనినప్పుడు, ఆ పల్లెలవారు పచ్చికబీళ్ళ తగవులలో ఒకప్పుడు ఫ్రెంచివారమనియు, ఒకప్పుడు స్పెయినువారమనియు అవసరము చొప్పున చెప్పుకొని లాభపడిరని పీటర్ సాలిన్సు 1989లో గ్రంథము వ్రాసెను. ఆగ్నేయాసియా కొండజాతులు రాజ్యములకు దొరకకుండ బ్రదుకుటనే ఒక విద్యగా అభ్యసించిరని జేమ్సు స్కాటు 2009లో వ్రాసెను. ఈ గ్రంథములు చదివినప్పుడు నాకు కలిగిన ఉత్సాహము చెప్పజాలను. మన వలసరైతును, మన కరణమును వారిలో చూచితిని. కొంతకాలము ఎవరు దొరకినను ఎల్ల పేదవాని బలమని ఉపన్యసించితిని.

ఆ యుత్సాహమునకు అడ్డు వచ్చినది మా అవ్వ. ఆమె 1922లో కర్నూలులో పుట్టెను. పదునాలుగేండ్లు నిండని పిల్లకు పెండ్లి చేయరాదను శారదా చట్టము 1930 ఏప్రిలు 1 నుండి అమలునకు వచ్చినది. ఆ చట్టము బ్రిటిషు ఇండియాలోనిది, నైజాము రాజ్యమున లేదు. 1931లో, తొమ్మిదవ యేట, మా వాండ్రు ఆమెను పుట్టి యెక్కించి తుంగభద్ర దాటించి, అవతలి యొడ్డున బంధువుల ఇంట పెండ్లి చేసి, మూడవనాడు మరల తీసికొనివచ్చిరి. ఇది మా యింటి వింత కాదు. గోదావరిజిల్లాలవారు ఇదే పనికి ఫ్రెంచివారి యానామునకు పిల్లలను తీసికొనిపోయిరని అందరెఱిగినదే. బడిలో మూడవ తరగతి చదువు అక్కడితో ఆగెను. ముసలితనమున ఆమె నాకు ఆ దినమును చెప్పెను. "పుట్టి గిరగిర తిరుగుతాంటే నాకు నగువొచ్చె. మా యమ్మ ఏడుస్తాండె. నీళ్ళంటే బయమేమో అనుకొంటి." అంతకన్న ఒక మాట ఎక్కువ చెప్పలేదు.

ఎల్లను వాడుకొనుటలో మా ముత్తాతగారు సెర్దాన్యా పల్లెవారికి ఏమాత్రము తీసిపోరు. ఏ చట్టము ఎంతదూరము వచ్చునో, ఎక్కడ ఆగునో ఆయనకు తెలియును. రైతును శిస్తునుండి తప్పించిన పుట్టియే ఆయనకును దొరకినది. ఐతే పుట్టిలో కూర్చున్నవారందరును ఎల్లను వాడుకొనినవారు కారు. ఒకరు వాడుకొనిరి, ఒకరిని దాటించిరి. సాలిన్సు, స్కాటు గ్రంథములలో పల్లెవారు, కొండవారు అని బహువచనము వచ్చునప్పుడెల్ల నేనిప్పుడు ఆగి, అందులో ఎవరు పెద్ద, ఎవరు తొమ్మిదేండ్ల పిల్ల యని అడుగుచున్నాను. వలసపోయిన రైతు వెనుక ఊరిలో ఎవరిని విడిచెను? తలారి ఎవరిని పట్టుకొని బాకీ అడిగెను? కైఫీయతు చెప్పదు, మన్రో వ్రాతలును చెప్పవు. విమర్శకుడైనను ఆ ప్రశ్న వేయవలెను.

1948లో నైజాము రాజ్యము ఇండియాలో కలిసినది. 1953లో కర్నూలు ఆంధ్రరాష్ట్రమునకు ముఖ్యపట్టణమయ్యెను, ఏటికి అవతల మాత్రము అప్పటికి హైదరాబాదు రాష్ట్రమే. 1956లో రెండొడ్డులును ఒకటియైనవి. 2014 జూన్ 2న మరల వేఱైనవి. 2019 తరువాత ఇవతల సారాయి వెల పెరిగినప్పుడు పంచలింగాల చావడి దగ్గఱ అవతలి సీసాలు ఎట్లు పట్టుబడెనో వార్తాపత్రికలు చదువువారికి చెప్పనక్కఱలేదు. మద్యమును గూర్చి ఈ పత్రిక చదువరుల అభిప్రాయమే నాదియు. ఐనను చావడివానిని మోసగించిన యుక్తులను చదువునప్పుడు బ్రింజారీలు గుర్తునకు వచ్చి నవ్వితినని ఒప్పుకొనుచున్నాను.

ఆ పిల్లవాడు మొన్న మరల నా యొద్దకు వచ్చెను. తండ్రికి సేద్యము అవతలి యొడ్డున, మేనమామ ఇల్లు ఇవతల కర్నూలులో. పదవ తరగతి ముగిసినది. పాలిటెక్నికులో చేరవలెననుకొనుచున్నాడు. ప్రవేశములలో స్థానికుడెవరన్నది ఇల్లున్న చోటునుబట్టి గాక చదివిన చోటునుబట్టి తేల్చు ఉత్తర్వు 1974 నాటినుండి కలదు. నాలుగవ తరగతి మొదలు పదవ తరగతి వఱకు ఏడేండ్ల ధ్రువపత్రములు చూపవలెను. ఇద్దరమును బల్లపై కాగితములు పఱచి లెక్క వేసితిమి. రెండు అలంపురమువైపువి, ఐదు కర్నూలువి. ఏ యొడ్డున దరఖాస్తు పెట్టిన సీటు వచ్చునో వాని తండ్రి ముందే విచారించి, ఆఱవ తరగతిలోనే ఇవతల చేర్పించెనట. వాని చెల్లెలిని మాత్రము అవతలి బడిలోనే ఉంచినారట. ఏలయని అడిగితిని. దూరమనిరట.

కాగితములు మడిచి సంచిలో పెట్టుకొని, కాశీయాత్రచరిత్ర ఇంటికి తీసికొనిపోయి చదివి ఇత్తునా యని అడిగెను. ఇచ్చితిని. చెల్లెలికి కూడ చదివి వినిపింపుమంటిని.